మెడ మీది నలుపు మురికి కాదు

సంపాదకులకు నమస్కారం.

మా పన్నెండేళ్ల అబ్బాయి మెడ వెనక నల్లబడితే మురికనుకుని ప్రతి ఆదివారం సున్నిపిండితో రుద్దేదాన్ని. మంటపుట్టి ఏడ్చేవాడు పాపం. అది రక్తంలో చక్కెరను అదుపులో ఉంచే ఇన్సులిన్ సరిగా పనిచేయట్లేదనడానికి గుర్తని డాక్టరుగారు చెప్పాకే తెలిసింది. పొట్టలో, కాలేయంలో కొవ్వు పేరుకుంటే ఒంట్లో ఇన్సులిన్ మాట చెల్లదట. ఇన్సులిన్ తయారుచేసే క్లోమం (ప్యాంక్రియాస్) దాన్ని మరింత తయారుచేస్తూ కొన్నేళ్లు నెట్టుకొస్తుంది. అందుకే పరగడుపు షుగర్ మామూలుగానే కనిపిస్తుంది. క్లోమం అలసిపోయాకే షుగర్ వ్యాధి బయటపడుతుంది.

బొద్దుగా ఉన్నాడని మురిసిపోయి దిష్టి తీశాం కానీ, నడుము కొలవలేదు. పెద్దల్లో మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడాలి.

గుంటూరు స్కూళ్ల యాజమాన్యాలకు నా విన్నపం: ఆటల పీరియడ్‌ని లెక్కల క్లాసుకి ఇచ్చేయకండి. హెల్త్ చెకప్‌లో పిల్లల మెడ కూడా చూపించండి.

— ఒక తల్లి, బ్రాడీపేట, గుంటూరు