సెక్యూరిటీ ప్యాచ్ వేరు, కొత్త వెర్షన్ వేరు

సంపాదకులకు నమస్కారం.

ఫోన్‌కు కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ వచ్చిన రోజే దాన్ని వేసుకోవాలని, వాయిదా వేయడమంటే ప్రమాదాన్ని కొనితెచ్చుకోవడమేనని ఇటీవల మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. వ్యాసకర్త ఉద్దేశాన్ని తప్పుపట్టను. అయితే ఆయన రెండు వేర్వేరు విషయాలను ‘అప్‌డేట్’ అనే ఒక్క మాట కింద కలిపేయడంతో, అసలే ఎటూ తేల్చుకోలేక ఉన్న పాఠకుడికి ఆ సలహా పెద్దగా అక్కరకు రాదనిపించింది. భద్రతా లోపాలను సరిచేసే సెక్యూరిటీ ప్యాచ్ ఒకటి, ఫోన్ రూపాన్నీ నడవడినీ మార్చే కొత్త వెర్షన్ మరొకటి. మొదటిదాన్ని వచ్చిన వెంటనే వేసుకోవాలి. రెండోదానికి కొన్ని వారాలు ఆగినా మునిగిపోయేదేమీ లేదు.

ప్యాచ్ విషయంలో తొందర ఎందుకో చెప్పడానికి పాత ఉదంతాలు చాలు. 2015లో ఆండ్రాయిడ్‌లో ‘స్టేజ్‌ఫ్రైట్’ అనే లోపం బయటపడింది. ప్రత్యేకంగా తయారుచేసిన వీడియోను ఎంఎంఎస్‌లో పంపితే, యజమాని దాన్ని తెరిచి చూడకపోయినా ఫోన్‌లోకి చొరబడే వీలు దానివల్ల కలిగేది. గూగుల్ నెలనెలా భద్రతా సవరణలు విడుదల చేయడం ఆ ఏడాదే మొదలుపెట్టింది. 2021 సెప్టెంబరులో ఆపిల్ తన ఐఫోన్ ఆపరేటింగ్ సిస్టమ్ ఐఓఎస్‌లో 14.8 వెర్షన్‌ను విడుదల చేయడానికీ ఇలాంటి కారణమే ఉంది: యజమాని ఏ లింకూ నొక్కకుండానే ఆపిల్ మెసేజింగ్ సేవ ఐమెసేజ్ ద్వారా పెగాసస్ నిఘా సాఫ్ట్‌వేర్ ప్రవేశించగలిగే లోపాన్ని టొరంటో విశ్వవిద్యాలయంలోని సిటిజన్ ల్యాబ్ పట్టుకుంది. పైగా ప్యాచ్ విడుదలయ్యాక దాన్ని విప్పి చూసి, లోపం ఎక్కడుందో కనిపెట్టడం నేరగాళ్లకు తేలికవుతుంది కాబట్టి, వేసుకోనివారికి ముప్పు అంతకుముందుకన్నా పెరుగుతుంది. కంప్యూటర్ల లోకంలో 2017 మే నెలలో విరుచుకుపడిన, ఫైళ్లకు తాళం వేసి డబ్బు డిమాండ్ చేసే ‘వాన్నాక్రై’ వైరస్‌కు ఆధారమైన లోపాన్ని సరిచేసే ప్యాచ్‌ను మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, మార్చిలోనే ఇచ్చింది. దాన్ని వేసుకోని కంప్యూటర్లే ఎక్కువగా దానికి బలయ్యాయి.

కొత్త వెర్షన్ కథ వేరు. 2014 సెప్టెంబరులో ఆపిల్ విడుదల చేసిన ఐఓఎస్ 8.0.1 వేసుకున్న ఐఫోన్ 6, 6 ప్లస్ వినియోగదారులలో చాలామందికి మొబైల్ సిగ్నలే పోయింది, వేలిముద్ర పనిచేయలేదు. సంస్థ ఆ సవరణను హడావిడిగా వెనక్కి తీసుకుని మరొకటి ఇవ్వాల్సివచ్చింది. 2017లో ఐఓఎస్ 11 వచ్చినప్పుడు, పాత 32 బిట్ ప్రాసెసర్ల కాలం నాటి యాప్‌లన్నీ ఒక్కసారిగా తెరుచుకోవడం మానేశాయి. ఇందులో సంస్థ తప్పేమీ లేదు, ముందుగా హెచ్చరించే చేసింది. కానీ తయారీదారు ఎప్పుడో వదిలేసిన యాప్ మీద ఆధారపడి పని చేసుకుంటున్న మనిషికి ఆ హెచ్చరిక అర్థమయ్యే రీతిలో అందిందా అన్నది ప్రశ్న.

ఇక్కడ ఒక వర్గం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మధుమేహం ఉన్నవారు చర్మానికి అతికించుకునే సెన్సర్, రక్తంలో చక్కెర స్థాయిని ఎప్పటికప్పుడు ఫోన్‌కు పంపుతుంది. స్థాయి ప్రమాదకరంగా పడిపోతే అర్ధరాత్రి అలారం మోగించేది ఫోన్‌లోని యాపే. కొత్త వెర్షన్ వేసుకున్నాక నోటిఫికేషన్ అనుమతులు మారినా, బ్లూటూత్ సంబంధం తెగినా ఆ అలారం మోగకపోవచ్చు. అందుకే ఆ సెన్సర్లు తయారుచేసే సంస్థలే తమ యాప్ ఏయే వెర్షన్లపై పనిచేస్తుందో జాబితాలు ప్రకటిస్తూ, ఆటోమేటిక్ అప్‌డేట్‌ను ఆపి ఉంచుకోమని వినియోగదారులకు సూచిస్తుంటాయి. ‘వచ్చిన రోజే వేసుకోండి’ అనే సలహా ఇలాంటివారికి ఎంత మేలు చేస్తుందో వ్యాసకర్త ఆలోచించినట్టు లేదు.

కొత్త వెర్షన్లు పాత ఫోన్లను కావాలనే నెమ్మదింపజేస్తాయన్న అనుమానం జనంలో బలంగా ఉంది. దీనిలో నిజమెంతో చూడాలి. అప్‌డేట్ అయిన తొలి ఒకటి రెండు రోజులు ఫోన్ వేడెక్కడం, ఛార్జింగ్ త్వరగా దిగిపోవడం మామూలే. యాప్‌లను కొత్త వ్యవస్థకు సర్దడం, ఫొటోలను మళ్లీ సూచీ చేయడం వంటి పనులు లోపల నడుస్తుంటాయి. ఆ రెండు రోజులు చూసి తీర్పు చెప్పడం తొందరపాటు. అయితే అనుమానమంతా వట్టిదీ కాదు. బ్యాటరీ పాతబడిన ఐఫోన్లు హఠాత్తుగా ఆగిపోకుండా ఉండేందుకు వాటి వేగాన్ని తగ్గిస్తున్నట్టు ఆపిల్ 2017 డిసెంబరులో ఒప్పుకుంది. ఆ ఏర్పాటు సాంకేతికంగా సమర్థనీయమే కావచ్చు, కానీ ఆ సంగతి వినియోగదారుడికి చెప్పలేదు. బ్యాటరీ మార్చితే సరిపోయేదానికి ఫోనే పాతబడిందనుకుని కొత్తది కొన్నవారు ఉండరా? 2018లో ఇటలీ నియంత్రణ సంస్థ ఈ తరహా అప్‌డేట్ల విషయంలో ఆపిల్‌కు కోటి యూరోలు, శాంసంగ్‌కు 50 లక్షల యూరోలు జరిమానా వేసింది. 2020లో ఫ్రాన్స్ ఆపిల్‌పై 2.5 కోట్ల యూరోల జరిమానా విధించింది.

వెనక్కి వెళ్లే దారి ఉంటే జనం ఇంత జంకరు. ఐఫోన్‌లో కొత్త వెర్షన్ వచ్చిన కొద్దికాలానికే పాతదానికి ఆపిల్ ఆమోదముద్ర నిలిపివేస్తుంది, ఆ తర్వాత పాతది ఎక్కించడం సాధ్యం కాదు. ఆండ్రాయిడ్‌లో వెనక్కి వెళ్లనిచ్చిన ఫోన్లలోనూ సాధారణంగా ఉన్న సమాచారమంతా తుడిచిపెట్టుకుపోతుంది. 2021లో ఐఓఎస్ 15తో పాటు, పాత ఐఓఎస్ 14లోనే ఉంటూ భద్రతా సవరణలు మాత్రం తీసుకునే వెసులుబాటును ఆపిల్ ఇచ్చినప్పుడు సంతోషించినవారిలో నేనూ ఉన్నాను; కొన్ని నెలలకే దాన్ని ఎత్తేశారు.

అందువల్ల ఆగడానికీ ఒక హద్దు ఉంది. తయారీదారు ఒక మోడల్‌కు కొత్త వెర్షన్ ఇచ్చాక, ఆ తర్వాతి ప్యాచ్‌లు సాధారణంగా దాని మీదే వస్తాయి. పాత వెర్షన్లలో తెలిసిన లోపాలన్నీ సరిచేయడం కుదరదని ఆపిల్ కూడా స్పష్టంగానే చెబుతుంది. కాబట్టి ఆగడమంటే మొదటి సవరణ వచ్చేవరకు, బ్యాంకు యాప్ వంటి ముఖ్యమైనవి కొత్త వెర్షన్‌పై సరిగా నడుస్తున్నాయని తెలిసేవరకు ఆగడమే తప్ప, ఏళ్ల తరబడి నోటిఫికేషన్‌ను పక్కకు తోసేయడం కాదు. వేసుకునే ముందు బ్యాకప్ తీసుకోవాలన్నది అందరికీ తెలిసిందే, చేసేవారే తక్కువ.

నిర్ణయించుకోలేనివారు సెట్టింగ్స్‌లో ‘ఎబౌట్ ఫోన్’ పేజీ తెరిచి చూస్తే మంచిది. ఆండ్రాయిడ్ ఫోన్లలో వెర్షన్ సంఖ్య ఒకచోట, సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ మరోచోట కనిపిస్తాయి. కొన్నింటిలో ఆ తేదీ చూడటానికి ఇంకో మెట్టు లోపలికి వెళ్లాలి. అందరూ మొదటిదాన్నే చూస్తారు. వెర్షన్ ఒకటి వెనకబడినా తేదీ గత నెలదైతే ఆ ఫోన్ గురించి బెంగపడనక్కర్లేదు. వెర్షన్ ఎంత కొత్తదైనా తేదీ ఏడాది కిందటిదైతే, ఆ ఫోన్‌లో బ్యాంకు లావాదేవీలు చేయడం నా దృష్టిలో తెలివైన పని కాదు.

చివరిగా మీ పత్రికకు ఒక విన్నపం. 2023లో వచ్చిన పిక్సెల్ 8కు గూగుల్, 2024లో వచ్చిన గెలాక్సీ ఎస్24 ఫోన్లకు శాంసంగ్ ఏడేళ్ల అప్‌డేట్లు ఇస్తామని ప్రకటించాయి. ఐరోపా సమాఖ్యలో 2025 జూన్ 20 నుంచి అమలవుతున్న నిబంధనలు, ఒక మోడల్ అమ్మకాలు నిలిచిపోయిన తేదీ నుంచి కనీసం ఐదేళ్ల వరకు అప్‌డేట్లు అందుబాటులో ఉండాలంటున్నాయి. మీ సాంకేతిక పేజీలో మాత్రం కొత్త ఫోన్ గురించి రాసినప్పుడల్లా కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్లో, తెర ఎన్ని అంగుళాలో ఉంటుంది, భద్రతా సవరణలు ఏ సంవత్సరం వరకు వస్తాయో ఉండదు. ఇకపై ప్రతి ఫోన్ పరిచయంలోనూ ఆ సంవత్సరాన్ని ధర పక్కనే ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు