మెక్లీన్ కౌంటీ చౌకే, కానీ లెక్క ఇంటి ధరతో ఆగదు

సంపాదకులకు నమస్కారం.

డాలస్, న్యూజెర్సీ, కాలిఫోర్నియాల్లో ఇళ్ల ధరలు మామూలు ఉద్యోగికి అందకుండా పోయాక, అమెరికాలోని తెలుగు కుటుంబాల చూపు మిడ్‌వెస్ట్ రాష్ట్రాల్లోని చిన్న కౌంటీల (మన జిల్లాల వంటివి) మీద పడింది. ఆ ఊళ్లలో ఇల్లు ఎంతకు వస్తుందో, బడులు ఎలా ఉన్నాయో చెప్పే కథనాలు మన పత్రికల ప్రవాస పుటల్లోనూ వస్తున్నాయి. వాటిని చదివి విజయవాడలోనో వరంగల్‌లోనో ఉన్న తల్లిదండ్రులు ‘మీరూ అక్కడికి మారిపోయి ఓ ఇల్లు కొనుక్కోరాదా’ అని పిల్లలకు ఫోన్లు చేయడమూ మామూలైంది. ఇల్లినాయిస్ రాష్ట్రంలోని మెక్లీన్ కౌంటీలో ఉంటున్నవాడిగా, ఈ కౌంటీనే ఉదాహరణగా తీసుకుని, ఇలాంటి చోటికి మారే ముందు ఏ లెక్కలు వేసుకోవాలో రాయాలనిపించింది. నా అభిప్రాయం ముందే చెబుతాను. వీసా మీద ఉన్న కుటుంబం ఇంటి ధర కన్నా ముందు చూసుకోవలసినది, ఉన్న ఉద్యోగం పోతే అదే కౌంటీలో మరొకటి దొరుకుతుందా అన్నది. ఆ తర్వాత చూసుకోవలసినది ఏటేటా కట్టే ఆస్తిపన్ను.

మెక్లీన్ కౌంటీ వైశాల్యంలో ఇల్లినాయిస్‌లోకెల్లా పెద్దది. 2020 జనగణన ప్రకారం జనాభా 1.71 లక్షలు, అందులో నాలుగింట మూడు వంతులకు పైగా బ్లూమింగ్టన్, నార్మల్ అనే జంట పట్టణాల్లోనే ఉంటారు. పట్టణం పొలిమేర దాటితే కనుచూపు మేర మొక్కజొన్న, సోయాబీన్ చేలు. 1922లో ఇక్కడి రైతుల కార్లకు బీమా చేయడానికి మొదలైన స్టేట్ ఫార్మ్ సంస్థకు ఇప్పటికీ ప్రధాన కార్యాలయం బ్లూమింగ్టన్‌లోనే ఉంది. మన తెలుగువాళ్లలో చాలామందిని, సొంత ఉద్యోగులుగానో కాంట్రాక్టు మీదనో, ఈ ఊరికి రప్పించింది ఆ సంస్థ ఐటీ విభాగమే. నార్మల్‌లో 1857లో స్థాపించిన ఇల్లినాయిస్ స్టేట్ యూనివర్సిటీ, రివియన్ విద్యుత్ వాహనాల కర్మాగారం మిగతా పెద్ద ఆధారాలు.

ఊరి మంచితనం గురించి తక్కువ చేసి చెప్పను. ఆఫీసుకు పదిహేను నిమిషాల్లో చేరుకునే భాగ్యం షికాగో చుట్టుపక్కల ఉండేవారికి లేదు. నార్మల్ స్టేషన్‌లో ఆమ్‌ట్రాక్ రైలెక్కితే రెండు గంటల పైచిలుకులో షికాగోలో దిగవచ్చు. పాత రైలు మార్గాన్ని నడకదారిగా మార్చిన కాన్‌స్టిట్యూషన్ ట్రెయిల్ జంట పట్టణాల గుండా మైళ్ల కొద్దీ సాగుతుంది. వేసవి సాయంత్రాల్లో దాని మీద, మే నెలలో వచ్చి అక్టోబరు దాకా ఉండే మన పెద్దవాళ్లు, చీర మీద స్వెటరు, కాళ్లకు స్పోర్ట్స్ షూస్ వేసుకుని, ఎదురుపడ్డ కొత్తవారిని ‘మీదే ఊరండీ’ అని పలకరిస్తూ కనిపిస్తారు. పట్టణంలో హిందూ దేవాలయం ఉంది. పెద్ద పండగలకు అరోరా బాలాజీ గుడికో, లెమాంట్ రాముడి గుడికో పొద్దున వెళ్లి రాత్రికి తిరిగి రావచ్చు.

ఇక పన్ను దగ్గరికి వస్తాను. ఇల్లినాయిస్‌లో ఇంటి మార్కెట్ విలువలో మూడో వంతును పన్నుకు లెక్కగట్టి, సొంతదారు అందులోనే నివసిస్తుంటే దాని నుంచి 6,000 డాలర్లు మినహాయించి, మిగిలినదాని మీద బడులు, పట్టణం, కౌంటీ, గ్రంథాలయం, పార్కులు ఇలా అందరి రేట్లూ కలిపి వేస్తారు. 3.5 లక్షల డాలర్ల ఇల్లు కొన్నారనుకుందాం. మూడో వంతు దాదాపు 1.17 లక్షలు, మినహాయింపు పోగా సుమారు 1.11 లక్షలు. అన్ని రేట్లూ కలిపి ఎనిమిదిన్నర శాతం అనుకుంటే ఏటా 9,400 డాలర్ల పన్ను తేలుతుంది, అంటే నెలకు 780 పైమాటే. ముప్పై ఏళ్లకు బ్యాంకు అప్పు తీరుతుంది కానీ ఇది తీరదు. డాలస్ నుంచి వచ్చేవారికి ఎక్కువ ఆస్తిపన్ను కొత్త కాదు. అయితే టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు, ఇక్కడ జీతం మీద 4.95 శాతం అదనంగా పోతుంది.

కొత్తగా కట్టిన ఇళ్లు కొనేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. ఇక్కడ పన్ను ఒక ఏడాది వెనకబడి నడుస్తుంది. ఈ ఏడాది వచ్చే బిల్లు నిరుటిది. నిరుడు అక్కడ ఖాళీ స్థలమే ఉండి ఉంటే మొదటి బిల్లు స్థలం మీదే వస్తుంది, చాలా స్వల్పంగా ఉంటుంది. బ్యాంకు కూడా ఆ బిల్లును చూసే ఎస్క్రో ఖాతాకు (పన్ను కట్టడానికి నెల వాయిదాతో పాటు బ్యాంకు పట్టి ఉంచే సొమ్ము ఖాతా) నెలనెలా ఎంత పట్టుకోవాలో నిర్ణయిస్తే, కొన్నవారు వాయిదా తేలికగానే ఉందనుకుని ఫర్నిచరు, రెండో కారు కొనేస్తారు. తర్వాతి ఏడాది ఇంటి విలువంతా కలిపి బిల్లు వచ్చాక, ఎస్క్రోలో తరుగు పడిందంటూ ఉత్తరం వస్తుంది. పాత తరుగు, కొత్త పన్ను రెండూ కలిసి నెల వాయిదా వందల డాలర్లు పెరుగుతుంది. ఇందులో మోసమేమీ లేదు, పద్ధతే అంత. కానీ ఇల్లు అమ్మేవారెవరూ దాన్ని కూర్చోబెట్టి వివరించరు.

పన్నులో పెద్ద భాగం బడులకే వెళుతుంది కాబట్టి అది వృథా అనను. యూనిట్ 5 అనే ఇక్కడి పాఠశాలల జిల్లా (బడులు నడిపే స్థానిక సంస్థ) పన్ను రేటు పెంపు కోసం 2022 నవంబరులో ప్రజల ఓటు అడిగి ఓడిపోయింది. 2023 ఏప్రిల్‌లో మళ్లీ అడిగి గెలిచింది. ఆ రెండు ఓట్ల నడుమ బడుల్లో ఏయే కార్యక్రమాలకు కోత పడుతుందో అన్న చర్చే ఊరంతా నడిచింది. పిల్లల బడి నాణ్యతను పక్కింటివారి ఓటు నిర్ణయించే పద్ధతి ఇది. హెచ్-1బీ పని వీసా మీద ఉన్నవారు పన్ను కడతారు, ఓటు మాత్రం వేయలేరు. ఇంకో సంగతి: చిరునామాలో బ్లూమింగ్టన్ అని ఉన్నంత మాత్రాన ఆ ఇల్లు డిస్ట్రిక్ట్ 87 అనే బ్లూమింగ్టన్ పాఠశాలల జిల్లా కిందికి రాదు, తూర్పు వైపు కాలనీలు చాలా వరకు యూనిట్ 5 కిందికే వస్తాయి.

పొరుగు రాష్ట్రంతో పోల్చి చూస్తే సంగతి తేటపడుతుంది. ఇండియానాలో సొంత నివాసం మీద ఆస్తిపన్ను విలువలో ఒక శాతం దాటకూడదని 2010లో రాజ్యాంగ సవరణే చేశారు. ఓటర్లు ఆమోదించిన ప్రత్యేక పన్నులు మాత్రం దానికి అదనం. ఇండియానాపొలిస్‌కు ఉత్తరాన కార్మెల్, ఫిషర్స్ ఉన్న హామిల్టన్ కౌంటీలో ఇళ్ల ధరలు ఇక్కడికన్నా ఎక్కువ. అదే రకం ఇంటికి అక్కడ లక్షన్నర డాలర్లు ఎక్కువ పెట్టాలనుకుందాం. అయిదు లక్షల ఇంటి మీద పన్ను 5,000కు ఆగుతుంది, కానీ ఆ లక్షన్నర మీద ఆరున్నర శాతం చొప్పున మొదటి ఏడాది వడ్డీయే 9,750 డాలర్లవుతుంది. ఇక్కడి 9,400తో పోలిస్తే పన్నులో మిగిలే 4,400ను ఆ వడ్డీలోంచి తీసేసినా, తొలి ఏళ్లలో మెక్లీన్ కౌంటీయే చౌక. కాకపోతే ఇంటి ధరల్లో కనిపించే లక్షన్నర తేడా ఏడాది ఖర్చులోకి వచ్చేసరికి అయిదు వేల చిల్లరకు కుంచించుకుపోతుంది. ఈ చిన్న తేడా కోసం ఏం వదులుకుంటున్నామో చూసుకోవాలి.

వదులుకునేది, ఉన్న ఉద్యోగం పోతే అదే చోట మరొకటి దొరికే అవకాశం. ఈ ఊరు ఒకసారి దెబ్బ తిని లేచింది. మిత్సుబిషి కార్ల కర్మాగారం 2015లో ఉత్పత్తి ఆపేసింది. 2017లో రివియన్ దాన్ని కొని, 2021లో వాహనాలు బయటికి తెచ్చాక ఊళ్లోకి కొత్త జనం వచ్చి, ఇళ్ల కొరత ఏర్పడి ధరలు పెరిగాయి. స్టేట్ ఫార్మ్ కూడా డాలస్, అట్లాంటా, ఫీనిక్స్ శివార్లలో పెద్ద కేంద్రాలు పెట్టుకుంది. ప్రధాన కార్యాలయం ఇక్కడే ఉన్నా, ఒక టీమ్ ఎక్కడ పెరుగుతుందో, ఎక్కడ తగ్గుతుందో ఊరివారి చేతిలో లేదు. ఏ సంస్థనూ తప్పు పట్టడానికి ఇది రాయడం లేదు. పెద్ద ఐటీ యజమాని ఒక్కరే ఉన్న ఏ ఊరికైనా ఈ ముప్పు తప్పదు. ప్రాజెక్టు ముగిసిన అమెరికన్ పౌరుడు ఆరు నెలలు ఇంట్లోనే ఉండి వెతుక్కోగలడు. హెచ్-1బీ మీద ఉన్నవారికి గడువు గరిష్ఠంగా 60 రోజులు. డాలస్‌లో అయితే ఆ అరవై రోజుల్లో ఇల్లు కదలకుండా, పిల్లల బడి మారకుండా ఇంకో క్లయింటును పట్టుకునే వీలుంది. ఇక్కడ అదే వ్యవధిలో ఉద్యోగం వెతుక్కోవాలి, అది షికాగోలోనో మరెక్కడో దొరికితే ఇల్లు అమ్ముకోవాలి లేదా అద్దెకిచ్చి వెళ్లాలి. కొన్న రెండేళ్లకే అమ్మితే ఏజెంట్ల కమిషన్, క్లోజింగ్ ఖర్చుల కింద పోయేది చూస్తే, చౌకగా కొన్నామన్న సంతోషం మిగలదు.

‘మాది ఇంటి నుంచి పని, ఎక్కడున్నా ఒకటే’ అనేవారికీ ఒక మాట. హెచ్-1బీ నిబంధనల ప్రకారం ఇంటి నుంచి పనిచేస్తే ఆ ఇల్లే పనిచేసే చోటు. ఒక మెట్రో ప్రాంతం నుంచి మరో ప్రాంతానికి మారితే, మారకముందే కంపెనీ సవరణ దరఖాస్తు వేయాలని 2015లోనే స్పష్టం చేశారు. గ్రీన్‌కార్డు కోసం కంపెనీ తొలి మెట్టుగా కార్మిక శాఖకు వేసే పెర్మ్ దరఖాస్తు కూడా ఫలానా ప్రాంతంలోని ఉద్యోగానికే చెందుతుంది. చోటు మారితే దాన్ని మళ్లీ మొదటి నుంచి నడపవలసి రావచ్చు. ఆ తర్వాతి మెట్టయిన ఐ-140 దరఖాస్తుకు ఆమోదం వచ్చి ఉంటే సాధారణంగా ప్రయారిటీ డేట్ (వరసలో మన స్థానాన్ని తేల్చే తేదీ) చేజారదన్నది నిజమే, కానీ కొత్త పెర్మ్‌కు పట్టే కాలం, దానికి కంపెనీ ఒప్పుకుంటుందా లేదా అన్నది ఇల్లు బుక్ చేశాక అడిగే ప్రశ్నలు కావు. భారతీయులకు ఈబీ-2 (ఉద్యోగం మీద వచ్చే గ్రీన్‌కార్డుల్లో రెండో శ్రేణి) వరస పదేళ్లకు పైగా సాగుతున్నప్పుడు, ఈ కాగితాల బరువు ఇంటి తాళాల కన్నా ఎక్కువ.

వైద్యం విషయం క్లుప్తంగా చెబుతాను. ఊళ్లో రెండు ఆసుపత్రులున్నాయి, మామూలు అవసరాలకు చాలు. పిల్లలకు పెద్ద చికిత్స కావలసి వస్తే నలభై మైళ్ల దూరంలోని పియోరియాకు వెళ్లడం పరిపాటి. మంచు తుఫానులో ఆ నలభై మైళ్లు రెట్టింపుగా అనిపిస్తాయి. ఇల్లు కొనేటప్పుడు రేడాన్ పరీక్ష మానవద్దు. నేల నుంచి ఇళ్లలోకి చేరే ఆ వాయువు ఎక్కువగా ఉండగల మొదటి జోన్‌లో ఈ కౌంటీ ఉంది. మనవాళ్లు బేస్‌మెంట్‌నే ఆఫీసు గదిగానో, వచ్చిన పెద్దవాళ్ల పడకగదిగానో మార్చుకుంటారు. లీటరు గాలికి 4 పికోక్యూరీలు దాటితే, బేస్‌మెంట్ నేలలోంచి కప్పు పైదాకా గొట్టం వేసి ఫ్యాను బిగిస్తారు. ఇంటి ధరతో పోలిస్తే అది పెద్ద ఖర్చు కాదు, కొనేముందు అడిగితే అమ్మేవారే పెట్టుకునే సందర్భాలూ ఉంటాయి.

భార్యాభర్తల్లో ఒకరికే పని అనుమతి ఉన్న కుటుంబాలు శీతాకాలం గురించి కూడా మాట్లాడుకుని రావాలి. కనెక్ట్ ట్రాన్సిట్ బస్సులున్నాయి కానీ తూర్పు కాలనీల్లో కారు లేనిదే గడవదు. చదును నేల మీద అడ్డులేని గాలి జనవరిలో ఎలా కోస్తుందో వేసవిలో ఇల్లు చూసి వెళ్లినవారికి తెలియదు. నా మాట అడిగితే, ఇల్లు చూడడానికి రావలసింది జనవరిలోనే.

పై చదువుల సంగతి మాత్రం ఇల్లినాయిస్‌కు అనుకూలమే. అర్బానా–షాంపేన్‌లోని రాష్ట్ర విశ్వవిద్యాలయం ఇక్కడికి యాభై మైళ్లు. స్థానికత కుదిరి సీటు దొరికితే రాష్ట్రవాసులకు వేసే తక్కువ ఫీజు (ఇన్‌స్టేట్), పైగా చేరినప్పటి ట్యూషన్ ఫీజును నాలుగేళ్లు పెంచకూడదని రాష్ట్ర చట్టం ఉంది. దాని మీద ఆశతో ఆస్తిపన్ను కట్టేవారిని నేను తప్పుపట్టను. కాకపోతే పిల్లలకు ఇరవై ఒక్క ఏళ్లు నిండగానే, తల్లిదండ్రుల హెచ్-1బీ మీద ఆధారపడిన హెచ్-4 వీసా ఆగిపోతుంది. ఆలోపు కుటుంబానికి గ్రీన్‌కార్డు వస్తుందో లేదో కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ఇవన్నీ చూసుకున్నాక కూడా ఇక్కడికి రావలసినవారు ఉన్నారు: గ్రీన్‌కార్డు ఉన్నవారు, దంపతుల్లో ఒకరికి యూనివర్సిటీలోనో ఆసుపత్రిలోనో స్థిరమైన ఉద్యోగం ఉన్నవారు, ఊరు ప్రశాంతంగా ఉంటే చాలనుకునేవారు. కాంట్రాక్టు మీద వచ్చేవారు మాత్రం మొదటి ఏడాది అద్దెకుండడమే మేలు; అద్దె కట్టడం డబ్బు తగలేయడమన్న మాట ఈ సందర్భానికి వర్తించదు.

మీ పత్రిక ప్రవాస పుటలకు నా మనవి ఒకటుంది. చౌక ఊళ్ల జాబితా వేసేటప్పుడు ఇంటి ధర పక్కనే ఆ కౌంటీలో ఆ ఇంటి మీద ఏటా పడే ఆస్తిపన్నును, గంట ప్రయాణం లోపల ఐటీ ఉద్యోగాలిచ్చే సంస్థలు ఎన్ని ఉన్నాయన్న సంగతిని కూడా వేయండి. మొదటిది కనుక్కోవడం కష్టమేమీ కాదు. మెక్లీన్ కౌంటీ వెబ్‌సైట్‌లో చిరునామా కొడితే నిరుటి బిల్లు ఎవరికైనా కనిపిస్తుంది. జూన్‌లో ఒక వాయిదా, సెప్టెంబరులో ఒక వాయిదా. ఇల్లు చూడబోయేవారు ఫొటోలతో పాటు ఆ బిల్లును కూడా తెరిచి, అందులో ఉన్నది ఇంటి మీది పన్నా లేక ఖాళీ స్థలం మీదిదా అని చూసుకుంటే చాలు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
నార్మల్, ఇల్లినాయిస్