కీమో క్యాలెండర్లో సంక్రాంతి ఎక్కడుందో వెతుక్కుంటున్నాం

ఎడిటర్ గారికి నమస్కారం అండి,

మొన్న ఆదివారం మీ పేపర్లో సంక్రాంతికి ఊరెళ్ళేవాళ్ళ కోసం స్పెషల్ ట్రైన్లు, బస్సులు, ఏ టోల్ గేట్ దగ్గర ఎంతసేపు ఆగాలి అంటూ ఒక పేజీ వేశారు. బాగుంది, మా ఆవిడ కత్తిరించి ఫ్రిజ్‌కి అంటించింది కూడా. కానీ అదంతా ఆరోగ్యంగా ఉన్నోళ్ళ లెక్కండి. కీమో నడుస్తున్న మనిషిని ఊరు తీసుకెళ్ళాలంటే లెక్క ఇంకోలా ఉంటుంది, నెల రోజుల్నుంచి నేను ఆ లెక్కే వేస్తున్నా, అందుకే ఈ ఉత్తరం. పొడుగైతే మీరే కత్తెరెయ్యండి, నాకు చిన్నగా రాయడం చేతకాదు.

మా ఫ్రెండూ నేనూ కోనసీమలో అంబాజీపేట పక్కన ఒకే ఊరోళ్ళం, ఇప్పుడు ఇద్దరం హైదరాబాద్‌లోనే. ఆగస్టులో వాడికి పెద్దపేగు కాన్సర్ అని తేలింది, అప్పటికే లివర్‌కి పాకేసింది. సెప్టెంబర్ 12 నుంచి కీమో. ఇరవై ఒక్క రోజులకి ఒక సైకిల్, మొదటి రోజు ఆస్పత్రిలో సెలైన్‌తో ఒక మందు ఎక్కిస్తారు, పద్నాలుగు రోజులు ఇంట్లో టాబ్లెట్లు, తర్వాత ఏడు రోజులు ఖాళీ. మళ్ళీ మొదలు. అయిదు అయ్యాయి, ఆరోది డిసెంబర్ 26న.

మూడో సైకిల్ అప్పుడు బెడ్ మీద పడుకుని చేతికి సూది ఉండగానే అన్నాడు, ఒరేయ్, ఈసారి ప్రభల తీర్థానికి వెళ్దాంరా అని. మీకు తెలిసే ఉంటుంది, కనుమ రోజు జగ్గన్నతోటలో జరిగేది, చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వెదురుతో కట్టి దేవుణ్ణి నిలిపే ఎత్తైన ప్రభలు పదకొండు భుజాల మీద మోసుకుంటూ వరి చేలల్లోంచి తెస్తారు, కొన్నిటిని కౌశిక నదిలో కూడా అలా దిగే దాటిస్తారు. 2023 రిపబ్లిక్ డే పరేడ్‌లో ఢిల్లీలో మన ఆంధ్రా శకటం అదే. చిన్నప్పుడు మేమిద్దరం మోసేవాళ్ళ వెనకాల "అశ్శరభ శరభ" అని అరుచుకుంటూ బురదలో పరిగెత్తిన బాపతు. వాడు అడిగాడు, నేను సరే అనేశాను, తర్వాత ఇంటికొచ్చి క్యాలెండర్ చూశాను.

డిసెంబర్ 26 నుంచి లెక్కపెడితే టాబ్లెట్లు జనవరి 8తో అయిపోతాయి, 9 నుంచి 15 దాకా ఖాళీ వారం. ఏడో సైకిల్ ఎప్పుడో తెలుసా అండి, జనవరి 16. సరిగ్గా కనుమ రోజు.

వాడు నవ్వాడు, నాకు నవ్వు రాలేదు. భయపడుతూనే డాక్టర్ గారిని అడిగాం, ఆయన తిడతారనుకున్నాం, తిట్టలేదు. రక్తపరీక్ష బాగుంటే 16ది 19కి జరుపుదాం, ముందే అడిగారు కాబట్టి సరిపోయింది, చెప్పకుండా వెళ్ళిపోయి తర్వాత ఫోన్ చేసేవాళ్ళతోనే నాకు ఇబ్బంది అన్నారు. ఇది మావాడి ఒంటిని చూసి ఆయన చెప్పిన మాట, ఇది చదివి ఎవరూ సొంతంగా డేట్లు జరిపెయ్యకండి దయచేసి.

ఖాళీ వారమే ఎందుకంటే, చాలా కీమో మందులకి ఏడో రోజుకీ పద్నాలుగో రోజుకీ మధ్య తెల్లకణాలు బాగా పడిపోతాయట, అప్పుడు ఎవరో తుమ్మినా మనకి చుట్టుకుంటుంది. మూడో వారానికి కాస్త లేస్తాయి. పైగా మావాడికి ఆ టాబ్లెట్ల వల్ల అరికాళ్ళు మంటలెత్తి ఎర్రబడిపోతాయి, రెండో వారంలో చెప్పులేసుకుని వీధి చివరిదాకా కూడా నడవలేడు, ఖాళీ వారంలో బానే తిరుగుతాడు. అంటే ఊరెళ్ళే మంచి రోజు పంతులు గారు కాదు, బ్లడ్ రిపోర్టు చెప్తుంది.

ఇక్కడే మొదటి తంటా. రైలు టికెట్ అరవై రోజుల ముందు బుక్ చెయ్యాలి, సంక్రాంతికైతే నిమిషాల్లో అయిపోతాయి. బ్లడ్ రిపోర్టేమో వెళ్ళే ముందు రోజు వస్తుంది. రిపోర్టు బాలేదనుకోండి, కన్ఫర్మ్ టికెట్ ప్రయాణం దగ్గర పడ్డాక కాన్సిల్ చేస్తే పావు వంతు పోతుంది, ఇంకా ఆలస్యమైతే సగం పోతుంది. తత్కాల్ ఉంది కదా అంటారు, పండక్కి తత్కాల్ దొరికినోడు లాటరీ తగిలినట్టు చెప్పుకుంటాడు మా ఆఫీసులో.

కన్సెషన్ సంగతి చెప్తాను, చాలామందికి తెలీదు. కాన్సర్ పేషెంట్లకి రైల్వే వాళ్ళు నిజంగానే మంచి రాయితీ ఇస్తారు, స్లీపర్లో, థర్డ్ ఏసీలో పేషెంట్‌కి టికెట్ పూర్తిగా ఫ్రీ, తోడు వెళ్ళేవాళ్ళకి 75 శాతం తగ్గుతుంది. 2020లో సీనియర్ సిటిజన్లది తీసేశారు గానీ ఇది తియ్యలేదు, అందుకు దణ్ణం పెట్టాలి. మేం ఆస్పత్రి సర్టిఫికెట్ పట్టుకుని స్టేషన్ కౌంటర్‌కి వెళ్ళాం. అక్కడాయన మర్యాదగానే అడిగాడు, ఏ ఆస్పత్రికి వెళ్తున్నారు అని. ఆస్పత్రికి కాదండి, పండక్కి మా ఊరు అన్నాను. ట్రీట్‌మెంట్‌కో చెకప్‌కో వెళ్ళొస్తేనే వర్తిస్తుంది సార్ అన్నాడు. రూల్ అదే, ఆయన తప్పేం లేదు. కానీ మావాడు ఉండేది హైదరాబాద్, ట్రీట్‌మెంట్ హైదరాబాద్. అంటే కాన్సర్ వచ్చినా ఆ రాయితీ వాడికి ఒక్కసారి కూడా పనికి రాదు. ఊరి నుంచి సిటీకి వైద్యానికి వచ్చేవాళ్ళకి కచ్చితంగా ఉండాలి, కాదనట్లేదు, కానీ ఏడాదికి ఒక్కసారి, ఒకే ఒక్కసారి, పేషెంట్ తన సొంత ఊరు వెళ్ళొస్తానంటే ఇవ్వడానికి రైల్వేకి ఎంతవుతుందండి? డబ్బు గురించి కూడా కాదు, టికెట్ మేం కొనుక్కోగలం. ఏ ఆస్పత్రికి అన్న ఆ ప్రశ్నకి వాడు కౌంటర్ దగ్గర తల దించుకున్నాడు చూడండి, అది గుర్తుండిపోయింది నాకు.

బంధువులది కూడా అదే ప్రశ్న, మాటలు వేరే అంతే. ఇప్పుడెందుకు ప్రయాణాలు, తగ్గాక వెళ్ళొచ్చుగా, ఆ డబ్బులు మందులకి ఉంచుకోండి. నాలుగో స్టేజ్ అని తెలిసినోళ్ళు కూడా "తగ్గాక" అంటారు, మనం ఏం జవాబు చెప్తాం. చెల్లెమ్మ, అంటే వాడి భార్య, నన్ను పక్కకి పిలిచి అడిగింది, అన్నయ్య గారూ, దార్లో ఏమన్నా అయితే నన్నే అంటారు కదా అందరూ అని. నేను ధైర్యం చెప్పలేదండి, ఎందుకంటే నిజంగానే అంటారు. దానికి బదులు ఇద్దరం కూర్చుని ఏమేం అవ్వచ్చో కాగితం మీద రాసి డాక్టర్ గారికి చూపించాం.

అన్నిటికంటే పైన రాసింది జ్వరం. థర్మామీటర్ జేబులో ఉండాలి, 100.4 వచ్చిందంటే అర్ధరాత్రైనా ఆస్పత్రికే, పొద్దున్న చూద్దాం అనకూడదు, అడక్కుండా పారాసిటమాల్ వేసి జ్వరం దాచెయ్యకూడదు. మన ఇళ్ళల్లో మొదట చేసే పని అదే కదా. అందుకని వెళ్ళే ఊరికి దగ్గర్లో రాత్రిపూట సెలైన్‌లో యాంటీబయాటిక్ మొదలుపెట్టగలిగే ఆస్పత్రి ఏదో ముందే కనుక్కోమన్నారు, అమలాపురంలో మెడికల్ కాలేజీ ఆస్పత్రి ఉంది కాబట్టి ఆ దిగులు తగ్గింది. ఇస్తున్న మందుల పేర్లు, చివరి రిపోర్టు, కాన్సర్ వార్డు డ్యూటీ ఫోన్ నంబరు ఒక కాగితం మీద రాసి చెల్లెమ్మ పర్సులో ఒకటి, నా చొక్కా జేబులో ఒకటి. ఫోన్‌లో ఉందిలే అంటే కుదరదు, చార్జింగ్ అయిపోయేది ఆ టైముకే.

ఇంకోటి చలి. మావాడికి సెలైన్‌లో ఎక్కించే మందుతో చల్లటిది ముట్టుకుంటే చేతులు కరెంటు కొట్టినట్టు జివ్వుమంటాయి, చల్లటి నీళ్ళు తాగితే గొంతు పట్టేసినట్టుంటుంది. మొదటి వారం ఇనప గేటు గడియ కూడా చేతిరుమాలుతో తీస్తాడు. మూడో వారానికి తగ్గుతుంది గానీ జనవరి పొద్దున్న కోనసీమ మంచు తెలుసు కదా. లంబసింగి, అరకు అని ఆఫీసులో ఎవరో సలహా ఇచ్చారు, వద్దు బాబూ అన్నాం. ఊళ్ళో అయితే గ్లౌజులు, మఫ్లర్, పొద్దెక్కాకే బయటికి. కొబ్బరి బొండాం చెట్టు మీంచి దింపింది తాగొచ్చు, ఫ్రిజ్‌లోది కాదు. అది విన్నాక వాడి మొహం వెలిగింది, హైదరాబాద్‌లో నలభై, యాభై పెట్టి కొన్న బొండాం తాగనివ్వట్లేదని ఏడుస్తున్నాడు పాపం.

ఆఖరికి రైలు వదిలేసి కారులో వెళ్దామనుకున్నాం, రిపోర్టు బాలేకపోతే ఎవడికీ పావు వంతు కట్టక్కర్లేదు. నాలుగు వందల కిలోమీటర్ల పైనే, ఒకే రోజు వద్దని విజయవాడలో రాత్రి ఆగుతాం. 8న రక్తపరీక్ష, 9 పొద్దున్నే బయల్దేరితే పంతంగి టోల్ గేట్ దగ్గర ఆ పండగ తొక్కిసలాటకి ముందే దాటేస్తాం. గంటన్నరకోసారి ఆపి నాలుగడుగులు నడిపించాలి, కాన్సర్ ఉన్నోళ్ళకి కదలకుండా కూర్చుంటే కాళ్ళల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఎక్కువట. వచ్చేటప్పుడు 17న రాజమండ్రి నుంచి ఫ్లైట్, గంట ప్రయాణం, రేటు చూస్తే గుండె ఆగింది కానీ మా స్నేహితులం ఆరుగురం వేసుకున్నాం. వీల్‌చైర్ ముందే చెప్పి పెట్టుకున్నాం, వాడు నేను ముసలాణ్ణా అని అలిగాడు, అలగనీ.

నాకు నిజంగా భయం బాత్రూమ్ గురించేనండి. ఆ టాబ్లెట్లతో ఉన్నట్టుండి విరేచనాలు పట్టుకుంటాయి, అప్పుడు అయిదు నిమిషాలు కూడా ఆగలేడు. పోయిన నెల ట్రయల్ కింద సూర్యాపేట దాకా తీసుకెళ్ళాను, దార్లో ఒక పెట్రోల్ బంకులో టాయిలెట్‌కి తాళం, తాళం మేనేజర్ దగ్గర, మేనేజర్ టిఫిన్‌కి వెళ్ళాడు. మావాడు కారు డోర్ పట్టుకుని నిలబడ్డ ఆ పది నిమిషాలు నేను ఎవరికీ చెప్పను, వాడూ చెప్పడు. హైవే మీద కోట్లు పెట్టి ప్లాజాలు కడుతున్నారు, మీ పేపర్ వాళ్ళు ఒకసారి హైదరాబాద్ నుంచి రావులపాలెం దాకా వెళ్ళి ఏ బంకులో తాళం తీసి ఉంటుంది, ఎక్కడ కమోడ్ ఉంది, ఎక్కడ నీళ్ళొస్తాయి అని ఒక పేజీ వెయ్యండి, టోల్ గేట్ పేజీ కన్నా ఎక్కువ మంది కత్తిరించి దాచుకుంటారు. పేషెంట్లే కాదు, షుగర్ ఉన్నోళ్ళు, కడుపుతో ఉన్నోళ్ళు, పెద్దోళ్ళు. ఊళ్ళో మాత్రం వాళ్ళ అన్నయ్య అడక్కుండానే కింద గదికి ఆనుకుని వెస్టర్న్ కమోడ్ పెట్టించి ఫొటో పంపాడు. కింద ఒక్క మాట రాశాడు, "రమ్మను" అని.

చూడ్డానికొచ్చే జనాన్ని ఎలా ఆపాలో ఇంకా తేలలేదు. దగ్గు, జలుబు ఉన్నోళ్ళు రావద్దు అంటే పల్లెటూళ్ళో అదో గొడవ, పైగా వచ్చిన ప్రతివాళ్ళూ ఒక కషాయం చెప్తారు. భోగి మంట దూరం నుంచే, కోడిపందేల ఊసు లేదు. అరిసెలు, గారెలు వేడిగా తినొచ్చు, పచ్చివి, కోసి పెట్టిన పళ్ళు వద్దు.

ఇంక మిగిలింది అసలు సంగతి, ప్రభల తీర్థం. తోటలో ఆ లక్షల జనంలోకి వద్దంటే వద్దన్నారు డాక్టర్ గారు, కౌంట్లు బాగున్నా సరే. నేను వాడితో అన్నాను, పొద్దున్న మన ఊళ్ళో ప్రభ ఎత్తేటప్పుడు మాస్కు పెట్టుకుని గుడి దగ్గర దూరంగా కుర్చీలో కూర్చో, వెదురు బద్దలకి రంగు బట్టలు, పూలదండలు కట్టేది ముందు రోజే వెళ్ళి చూద్దాం, మిగతాది టీవీలో వస్తుంది. వాడు సగం విన్నాడు. కౌశిక దాటేది చూడకపోతే అంత దూరం ఎందుకురా, నీళ్ళల్లో దిగాక ప్రభ ఒక్కసారి పక్కకి ఒరుగుతుందే, అప్పుడు ఊపిరి బిగబట్టి నిలబడాలి, టీవీలో ఏముంది అన్నాడు. నాలుగు రోజుల్నుంచి మా ఇద్దరికీ దీని మీదే మాటల్లేవు.

అందుకని ఎడిటర్ గారూ, ఇది వేసినా వెయ్యకపోయినా ఈ ఒక్క ముక్క వెయ్యండి. కౌశిక దాటే చోటు కనిపించేలా గట్టు పక్కన డాబా ఇల్లు ఉన్న పాఠకులెవరన్నా ఉంటే మీ ఆఫీసుకి ఒక కార్డు ముక్క రాయమనండి, నేనొచ్చి తీసుకుంటాను. కనుమ రోజు మధ్యాహ్నం ఒక రెండు గంటలు, ముగ్గురు మనుషులం, కుర్చీ మేమే తెచ్చుకుంటాం, కాఫీలు టీలు ఏమీ వద్దు. మెట్లు పది, పన్నెండు దాటకూడదు, బాత్రూమ్ దగ్గర్లో ఉండాలి, తలుపు గడియ ఉండాలి.

ఇట్లు,
మీ పాఠకుడు,
కూకట్‌పల్లి, హైదరాబాద్