పీత ఎరకే పడింది

వేమౌత్, ఇంగ్లండ్,
14 సెప్టెంబర్ 2025

నాన్నగారూ,

మొన్న ఫోన్‌లో నేను కొత్త గాలం కర్ర ధర చెబుతుంటే, మీరు "అది సరే, ఎర ఏం వేస్తున్నావురా?" అన్నారు. అప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడుంది.

ముందు ఒక మాట. నేను పట్టాలని చూస్తున్న ఇక్కడి సీ బాస్ చేప మన పండుగప్ప కాదు. పేరు చూసి నేనూ పొరబడ్డాను. ఇది వేరే జాతి, వెండిలా మెరుస్తుంది.

మా ఊరి పక్కన చెసిల్ బీచ్ ఉంది. 29 కిలోమీటర్ల పొడవునా గులకరాళ్లే. పడమటి కొసన బఠాణీ గింజంత ఉంటాయి, మా వైపుకొచ్చేసరికి బంగాళాదుంపంత అవుతాయి. అక్కడ 12 అడుగుల కర్రతో, 5 ఔన్సుల సీసం కట్టి, నా బలమంతా పెట్టి దూరంగా విసిరేవాణ్ణి. మూడు వారాలు ఏమీ పడలేదు. పక్కన గాలం వేసే ముసలాయన ఒకరోజు, "నీ సీసం చేపల్ని దాటి పోతోందయ్యా" అన్నారు. అల విరిగి నురగ లేచేచోట పీతలూ పురుగులూ కొట్టుకొస్తాయి, బాస్ వాటికోసం ఒడ్డుకి అంత దగ్గరగా వస్తుందట.

ఎర కూడా ఆయనే చెప్పారు. కుబుసం విడవబోతున్న పీత. పాత పెంకు ఒలిచేస్తే లోపల మెత్తగా ఉంటుంది. దాన్ని సగానికి కోసి, సాగే సన్నదారంతో గాలానికి చుట్టాలి. లేకపోతే విసిరిన విసురుకి ఊడిపోతుంది. అది దొరకనప్పుడు స్క్విడ్ అనే మెత్తటి సముద్రజీవి ముక్క. ఇసుక పురుగులు మంచివే కానీ చీకటి పడితే చిన్నచేపలు వాటిని నిమిషాల్లో ఖాళీ చేసేస్తాయి. నీళ్లు తేటగా ఉంటే ప్లాస్టిక్ చేపలు పనిచేస్తాయి, మురికిగా ఉంటే వాసనే దారి చూపాలి. నేను కొన్న ఆరు ప్లాస్టిక్ చేపల్లో రెండు రాళ్లకే సమర్పయామి!

నిన్న సాయంత్రం పోటు మీద, ఇరవై గజాల లోపే వేశాను. మొదటిది 39 సెంటీమీటర్లు. ఇక్కడ 42 లేకపోతే వదిలెయ్యాలి, ఈ 2025లో అయితే రోజుకి రెండే ఉంచుకోవాలి. ప్రాణం ఉసూరుమంది కానీ వదిలేశాను. రెండోది 47!

పులుసు పెట్టాను. చింతపండు ఎక్కువైంది. మొప్ప అంచు తగిలి బొటనవేలు తెగింది, అమ్మకి మాత్రం చెప్పకండి.

మీ
చిన్నోడు