ఆ మాస్టార్ల పేర్లూ వేయండి

సంపాదకునికి,

సైనికాధికారుల శిక్షణ సంస్థ నేషనల్ డిఫెన్స్ అకాడమీ (ఎన్‌డీఏ) ప్రవేశ ఫలితాలు రాగానే ఎంపికైన కుర్రాళ్ల ఫొటోలు వేస్తారు, సంతోషం. వాళ్లను తయారుచేసిన ఉపాధ్యాయుల ఊసే ఉండదు. పిల్లలను ఎన్‌డీఏకు తయారుచేసే, విజయనగరం దగ్గరి కోరుకొండ సైనిక్ స్కూల్ 1962 నుంచి దాదాపు ఆరు దశాబ్దాలు మగపిల్లల బడే. ఆరో తరగతికి పదేళ్ల పిల్లాడు ఇల్లు వదిలి వస్తాడు. తెలుగు మీడియం వాడైతే ఇంగ్లిష్ పాఠాలంటే ఒకటే టెన్షన్. అలాంటివాడికి పొద్దున లెక్కలు చెప్పిన మాస్టారే సాయంత్రం మైదానంలో, రాత్రి చదువు వేళలో కనిపిస్తారు. హాస్టల్లో పిల్లల బాగోగులు చూసే హౌస్ మాస్టరైతే పిల్లాడి జ్వరం, ఇంటి మీద బెంగ కూడా ఆయన బాధ్యతే. జీతం లెక్కకు అందే పని కాదిది. వచ్చే ఫలితాల వార్తలో వాళ్ల పేర్లు కూడా వేయండి.

– ఒక విద్యార్థి తండ్రి, విజయనగరం