అరకు ఘాట్‌లో బండి ఎక్కడ ఆపమంటారు సార్?

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. అర్జీలు ఇచ్చి ఇచ్చి విసిగిపోయి ఈ బహిరంగ లేఖ రాస్తున్నాను. నేను విశాఖలో టాక్సీ నడుపుతాను. పొద్దున్నే టూరిస్టులను ఎక్కించుకుని, అరకు చూపించి, రాత్రికి మళ్లీ హోటల్ దగ్గర దింపడం నా పని. వెళ్లేటప్పుడు దాదాపు 115 కిలోమీటర్లు. ఎస్.కోట దాకా ఎవరూ ఫోన్‌లోంచి తలెత్తరు. బొడ్డవర దాటి ఘాట్ ఎక్కామా, ఇక "అన్నా, ఇక్కడ ఆపన్నా" అని ఒకటే గోల.

వాళ్లు అడగడంలో తప్పేం లేదు. ఆగి చూసుకోవడానికే కదా ఇంత దూరం వచ్చేది. కానీ ఎక్కడ ఆపాలి?

డిసెంబర్‌లో ఏదో ఒక ఆదివారం గాలికొండ వ్యూ పాయింట్‌కు రండి. ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ. ఉన్న కాస్త జాగాలో బొంగు చికెన్ పొయ్యిలు, మొక్కజొన్న పొత్తులు కాల్చేవాళ్లు. వాళ్లను నేనేమీ అనను, అది వాళ్ల బతుకుతెరువు. మిగిలిన చోట నాలుగు కార్లు దూరితే అయిదోది సగం రోడ్డు మీదే. సరిగ్గా అప్పుడే మలుపులోంచి ఆర్టీసీ బస్సు ఎక్కుతూ వస్తుంది. ఘాట్‌లో ఎక్కే బండికి దిగే బండి దారివ్వాలన్నది రూలు. కారు అద్దెకు తీసుకుని తామే నడుపుకుంటూ వచ్చిన కుర్రాళ్లకు ఆ సంగతి ఎవరు చెప్పారు? వెనక్కి తీయడం రాదు, పక్కకు జరగడానికి చోటుండదు. ఎత్తులో క్లచ్ మీద ఆపి ఉంచిన బండి మాడు వాసన కొడుతుంది. వెనక సీట్లో పిల్లలకు వాంతులు. ఈలోగా ఫొటో కోసం ఒకాయన రాళ్లు ఊడిన పిట్టగోడ ఎక్కేస్తాడు. నాకు బండి టెన్షన్ కంటే ఆయన టెన్షన్ ఎక్కువ.

2021 ఫిబ్రవరిలో హైదరాబాద్ నుంచి వచ్చిన టూరిస్టు బస్సు డముకు దగ్గర లోయలో పడింది. నలుగురు పోయారు, అందులో ఒక పసిబిడ్డ. ఆ మలుపు దాటిన ప్రతిసారీ నా కాలు బ్రేకు మీదే ఉంటుంది. ఆ తర్వాతైనా పనులు కదులుతాయనుకున్నాం. కొలతల టేపుతో మనుషులొచ్చారు, పార్కింగ్ వస్తుందని చెప్పి సున్నంతో గీతలు గీశారు, మా చేత ఫొటోలు కూడా తీయించుకున్నారు. ఒక వానకు గీతలు పోయాయి. దేవుడు వరమిచ్చినా పూజారి కరుణించలేదో, అసలు దేవుడే ఇవ్వలేదో మాకు తెలియదు.

అడిగితే ఒక ఆఫీసులో ఇది నేషనల్ హైవే, మాది కాదంటారు. ఇంకో ఆఫీసులో పక్కన ఉన్నదంతా అడవి, ముట్టుకోకూడదంటారు. ఎస్.కోట ఒక జిల్లా, అనంతగిరి ఇంకో జిల్లా, మా యూనియన్ మరో జిల్లా. అర్జీ మాత్రం మూడు జిల్లాలూ తిరిగింది. టూరిస్టు కంటే అదే ఎక్కువ ఊళ్లు చూసింది సార్.

కొండను తొలచడం కష్టమని చెప్పకండి. 1960ల్లో ఇనుప ఖనిజం తీసుకుపోవడానికి ఈ కొండల్లోనే సొరంగాల మీద సొరంగాలు తవ్వి కొత్తవలస–కిరండూల్ లైను వేశారు. ఆ లైను మీదే 2017లో అద్దాల బోగీ కూడా పెట్టారు, సంతోషం. రోడ్డు పక్కన ఇరవై కార్లు ఆగేంత చదును చేయడానికే కొండ అడ్డొచ్చిందా? ఖనిజానికి ఉన్నపాటి విలువ మనుషులకు లేదా?

ఇక ఆడవాళ్ల అవస్థ. "అన్నా, బాత్రూమ్ ఎక్కడైనా ఉందా" అని మెల్లగా అడుగుతారు. బంకు వస్తుందమ్మా అని చెప్తాను. ఆ బంకులో తాళం వేసి ఉంటుంది, లేదా నీళ్లుండవు. అరవై దాటిన పెద్దావిడ అనంతగిరి దాకా ఓర్చుకుని కూర్చుంటే ఆవిడకు కాఫీ తోటలు ఏం కనిపిస్తాయి?

మీరొచ్చినప్పుడు ముందు పైలట్ వాహనం వెళ్తుంది, బండ్లన్నీ ఆపేస్తారు. అందుకే మీకు ఘాట్ ఖాళీగా, చక్కగా కనిపిస్తుంది. ఒక్కసారి సైరన్ లేకుండా మా టాక్సీలో రండి. కిరాయి వద్దు.

గాలికొండ, డముకు దగ్గర పార్కింగ్ కావాలి. ఊడిన పిట్టగోడలు కట్టించండి. మలుపుల్లో అద్దాలు పెట్టించండి. నీళ్లొచ్చే బాత్రూమ్‌లు కట్టించండి. పార్కింగ్ మాత్రం వచ్చే సీజన్‌లోపే కావాలి, మళ్లీ సున్నం గీతలు వద్దు.

ఇట్లు,
అరకు ఘాట్ మీద బతికే ఒక విశాఖ టాక్సీ డ్రైవర్