సుధకు నాన్న ఉత్తరం: శిబిరంలో గడిచిన రాత్రి గురించి రాయి

చిరంజీవి సుధకు,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అమ్మా నేనూ క్షేమం. విపత్తు నిర్వహణ ఎం.ఏ.లో పరిశోధన వ్యాసానికి ఏ అంశం తీసుకోమంటావని మొన్న ఫోనులో అడిగావు. రెవెన్యూ శాఖలో చేరిన నాటి నుంచి రిటైరయ్యే దాకా ఒక్క తుపాను డ్యూటీ కూడా తప్పని వాణ్ని. నాలుగు ముక్కల్లో చెప్పి ఊరుకోవడం ఇష్టంలేక ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను.

నీ తోటివాళ్లలో కొందరు ఉపగ్రహ చిత్రాలతో వరద మ్యాపులు, ఇంకొందరు డ్రోన్ల మీద పని తీసుకున్నారన్నావు. మంచిదే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ మునిగినప్పుడు పడవలు వెళ్లలేని సందుల్లోకి డ్రోన్లతోనే ఆహారం పొట్లాలు చేర్చారు. వాటి విలువ నాకు తెలుసు. నువ్వు మాత్రం మనుషుల వైపు నుంచి వెళ్లు. హెచ్చరిక అందిన తర్వాత కూడా కొందరు ఇల్లు ఎందుకు కదలరు? నా అనుభవంలో దానికి జవాబు చాలాసార్లు అంతకుముందు తుపానుకు పెట్టిన శిబిరంలోనే ఉంటుంది.

1977 నవంబరు 19 ఉప్పెనలో దివిసీమ తుడిచిపెట్టుకుపోయింది. సుమారు పదివేల మంది పోయారు. 1990 మే 9న దాదాపు అంత బలమైన తుపానే మళ్లీ కృష్ణా తీరాన్ని తాకింది. ఈసారి లక్షకు పైగా జనాన్ని ముందే తరలించారు, మృతులు వెయ్యికి లోపే. ఆ తేడా ఎలా వచ్చిందో మీ పుస్తకాల్లో ఉంటుంది: హెచ్చరికలు, లారీలు, దండోరా, కంట్రోల్ రూములు. తరలించిన వాళ్లు ఆ రాత్రి ఎలా గడిపారన్నది మాత్రం అరుదుగా కనిపిస్తుంది.

నేను ఉన్న శిబిరం ఒక హైస్కూలు. సుమారు 300 మంది. ఉన్నది ఒకే ఒక్క మరుగుదొడ్డి, దానికీ తలుపు లేదు. చీకటి పడే వేళకు గాలి హోరు మొదలైంది. పులిహోర పొట్లాలు పంచాం, నీళ్లు పంచాం. మగవాళ్లు తాగారు. ఆడవాళ్లు గ్లాసులు ముట్టలేదు. గోడవారన ఒక బాలింత, ఒళ్లో పసిగుడ్డు. గ్లాసు అందించబోతే చేత్తోనే వద్దంది. పక్కనున్న పెద్దావిడ మెల్లిగా, "తాగితే బయటికి వెళ్లాలి కదయ్యా, ఈ చీకట్లో ఎక్కడికి పోతుంది?" అంది. బాలింతకు దాహం తీరకపోతే పాలెలా పడతాయి చెప్పు? ఆ బిడ్డ రాత్రంతా ఏడుస్తూనే ఉంది.

ఆ తర్వాత ఇంకో తుపాను హెచ్చరిక వచ్చింది. అదే ఊరికి లారీలు పంపాం. "ఆ బడికా? మేం రాం" అని ఆడవాళ్లు తెగేసి చెప్పారు. బయటివాళ్లకు అది మొండితనంగా కనిపిస్తుంది. అప్పటి మా ఎమ్మార్వో గారు కేకలు వేయకుండా, ఏం ఇబ్బంది పడ్డారని అడిగారు. విన్నాక బడిలో లేబొరేటరీ గదిని ఆడవాళ్లకు మరుగుదొడ్డిగా ఖాళీ చేయించి, బకెట్లు, ఇసుక, బ్లీచింగ్ పౌడరు పెట్టించి, లోపల గడియ బిగించి, ఒక లాంతరు వేలాడదీయించారు. కాపలాకు అంగన్‌వాడీ ఆయాను కూర్చోబెట్టారు. ఆ మాట ఊళ్లో చెప్పాక గంటన్నరలో లారీలు నిండాయి. ఆయన పేరు ఏ నివేదికలోనూ ఉండదు. నాకు మాత్రం తుపాను డ్యూటీ అంటే మొదట ఆయనే గుర్తొస్తారు.

సహాయ శిబిరాలకు అంతర్జాతీయంగా పాటించే స్ఫియర్ ప్రమాణాల ప్రకారం 20 మందికి ఒక మరుగుదొడ్డి, మనిషికి 3.5 చదరపు మీటర్ల చోటు ఉండాలని నువ్వే చెప్పావు. ఆ లెక్కన మా హైస్కూల్లో 15 ఉండాలి. 2005 విపత్తు నిర్వహణ చట్టం 12వ సెక్షన్ చూడు. శిబిరాల్లో నీడ, తిండి, మంచినీళ్లు, వైద్యం, పారిశుద్ధ్యానికి కనీస ప్రమాణాలు ఉండాలని, వితంతువులకు, అనాథలకు ప్రత్యేక ఏర్పాట్లు చేయాలని అందులో ఉంది. కాగితం మీద ఉన్నదానికీ బడి గదిలో ఉన్నదానికీ మధ్య దూరాన్ని ఊరూరా కొలువు.

కదలకపోవడానికి వేరే కారణాలూ ఉంటాయి. వలలు, పడవ ఇంజను, కట్టుకొయ్యన ఉన్న గేదె, నష్టం జాబితాలో పేరు తప్పిపోతుందన్న భయం. ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలన్న కులం లెక్కలు శిబిరం గడప దాటి లోపలికి కూడా వస్తాయి. అది రాయడానికి వెనుకాడకు. గాలి దిశ మారి తుపాను వేరే తీరానికి పోయిందంటే జనం మనల్ని తిట్టుకుంటారని అధికారులు బెదురుతారు. నేను చూసినంతలో జనం తుపాను రానందుకు కోపగించుకోలేదు, శిబిరంలో పస్తు పడుకోబెట్టినందుకే కోపగించుకున్నారు.

ఒడిశాను పక్కన పెట్టుకుని చూడు. 1999 సూపర్ సైక్లోన్‌లో అక్కడా దాదాపు పదివేల మంది చనిపోయారు. 2013 ఫైలిన్ తుపాను నాటికి పది లక్షల దాకా జనాన్ని తరలించారు, మృతులు యాభై లోపే. నడుమ తుపాను షెల్టర్లు కట్టారు, ఊళ్లలో జనానికే తర్ఫీదు ఇచ్చి ఏటా మాక్ డ్రిల్లులు చేయించారు. వాళ్ల ఆడవాళ్లు ఆ షెల్టర్ల గురించి ఏమంటున్నారో కూడా కనుక్కుంటే నీ వ్యాసానికి బలం.

ఊళ్లోకి వెళ్లేటప్పుడు పంచాయతీ కార్యదర్శిని వెంటబెట్టుకోకు. ప్రశ్నల కాగితం ముందే తీయకు. ఆడవాళ్లు ఎండు చేపలు ఆరబెట్టే చోట కూర్చుని, "ఆ రాత్రి ఎలా గడిచింది?" అని మొదలుపెట్టు. ఎన్ని గంటలకు ఇల్లు కదిలారు, ఎవరు చెబితే కదిలారు, తిరిగి ఎప్పుడు వచ్చారు అన్నవి తర్వాత అడగవచ్చు. ఆశా కార్యకర్తను తప్పకుండా కలువు. ఏ ఇంట్లో నెలలు నిండిన మనిషి ఉందో, ఎవరు మంచం దిగలేరో ఆమెకు తెలిసినట్టు మండలాఫీసులో ఎవరికీ తెలియదు.

దసరా సెలవులకు నాలుగు రోజులు ముందుగా రాగలవేమో చూడు. నాగాయలంక, కోడూరు వైపు పల్లెలకు నేను తీసుకెళ్తాను. పరిచయం చేసి పక్కకు తప్పుకుంటాను, నా ముందు వాళ్లు మనసు విప్పి మాట్లాడకపోవచ్చు. ఈలోగా ఈ అంశం మీ గైడుగారికి చెప్పి ఆయన ఏమన్నారో రాయి. రెండో విడత ఫీజు సోమవారం పంపుతాను.

ఆశీస్సులతో,
నాన్న